దిక్సూచి దారిలో – 5: సూది బెదిరిన వేళ

ఓడ దారి తప్పితే సరుకు మునుగుతుంది, సరుకు మునిగితే లండన్‌లో వాటాదారులు ఊరుకోరు. ఈస్టిండియా కంపెనీకి అయస్కాంతాల మీద ప్రేమ పుట్టడానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదని పోయిన భాగంలో చెప్పుకున్నాం. గోటింగెన్ పండితులు గౌస్, వెబర్ దేశదేశాల సూదులను ఒకే గడియారం ప్రకారం చూడాలన్నారు. ఆ పిలుపు లండన్ మీదుగా మన దాకా వచ్చింది. 1840 దశకం మొదట్లో మద్రాసు, బొంబాయి, సిమ్లా, సింగపూర్‌లలో కంపెనీవారి అయస్కాంత కేంద్రాలు వెలిశాయి. నిర్ణయించిన రోజుల్లో మద్రాసు ఉద్యోగి మన పొద్దును పక్కనపెట్టి, గోటింగెన్ గంటల లెక్కన సూది ముందు కూర్చునేవాడు. అంతకు కొంచెం ముందే మద్రాసు నక్షత్రశాల అధిపతి టేలర్, తిరువనంతపురం నక్షత్రశాల అధిపతి కాల్డికాట్ దక్షిణాదంతా తిరిగి సూది వాలు కొలిచారు.

ఇప్పుడు ఆ సూదులు బెదిరిన కథ. అవి ఎందుకు బెదిరాయో చెప్పబోయి ఒక పెద్దమనిషి అతిగా నమ్మాడు, ఇంకొక పెద్దమనిషి అతిగా శంకించాడు, ఇద్దరూ బోల్తాపడ్డారు. ఆ తగాదాలోకి మన కడప, కర్నూలు కరువు కూడా వచ్చి పడింది.

కొలాబాలో ఒక శుక్రవారం

కంపెనీ పెట్టిన కేంద్రాల్లో మిగతావి ఒకటొకటిగా ఆగిపోయాయి. బొంబాయి దీవి కొసన కొలాబాలో ఉన్నది మాత్రం నిలబడింది. అక్కడి పని చూడడానికి చాలా సాదా. సన్నని దారానికి వేలాడే అయస్కాంతపు కడ్డీ, దానికి అతికించిన చిన్న అద్దం, కొన్ని అడుగుల దూరంలో దుర్భిణి, గీతలు గీసిన బద్ద. కడ్డీ వెంట్రుకవాసి తిరిగినా అద్దంలో కనిపించే అంకె మారుతుంది. ఆ అంకె చదివి పుస్తకంలో రాయాలి. గంటకోసారి, పగలూ రాత్రీ, వానా ఎండా లేదు. దగ్గరికి వచ్చినవాడి జేబులో ఇనుప తాళంచెవి ఉన్నా లెక్క చెడేంత సున్నితమైన వ్యవహారం.

1859 సెప్టెంబర్ 1, గురువారం. లండన్ దగ్గర రెడ్‌హిల్‌లో రిచర్డ్ కారింగ్టన్ అనే ఔత్సాహికుడు తన దుర్భిణి నుంచి సూర్యబింబాన్ని తెర మీదికి పట్టి మచ్చల బొమ్మ గీసుకుంటున్నాడు. పెద్ద మచ్చల గుంపు మీద ఉన్నట్టుండి రెండు తెల్లని వెలుగులు భగ్గుమన్నాయి. ఎవరినైనా సాక్షిగా చూపిద్దామని ఆయన పరుగెత్తి తిరిగొచ్చేసరికే అవి సన్నగిల్లాయి. అంతా కలిపి అయిదు నిమిషాల ముచ్చట. అదృష్టం కొద్దీ హాడ్జ్‌సన్ అనే మరో ఆయన కూడా వేరేచోటి నుంచి అదే చూశాడు.

పదిహేడున్నర గంటల తర్వాత, బొంబాయిలో శుక్రవారం ఉదయం, కొలాబా కడ్డీ కదలడం మొదలుపెట్టింది. పరిశీలకులు గంటకోసారి అన్న నియమం పక్కనపెట్టి నిమిషాల తేడాతో అంకెలు రాశారు. ఉత్తరానికి లాగే బలం సుమారు 1600 నానోటెస్లాలు పడిపోయింది. మామూలుగా ఉండే బలంలో దాదాపు నాలుగు శాతం. ఇదెంత అనిపిస్తుంది కానీ, మామూలు సంవత్సరాల్లో వచ్చే గట్టి అయస్కాంత తుఫాను కూడా వంద, రెండు వందల దగ్గర ఆగిపోతుంది. ఇంగ్లండులోని గ్రీనిచ్, క్యూ కేంద్రాల్లో అప్పటికే ఫోటో కాగితం మీద వెలుగు చుక్కతో గీత గీసే యంత్రాలున్నాయి. ఆ రోజు గీత కాగితం అంచు దాటిపోయింది. కొలాబాలో యంత్రం లేదు, మనిషి ఉన్నాడు. సూది ఎంత దూరం పోయినా కన్ను దాని వెంట పోయింది.

ఆ పుస్తకం నూట నలభై ఏళ్లకు పైగా పడి ఉంది. 2003లో మన భారతీయ భూఅయస్కాంత సంస్థకు చెందిన గురుబక్ష్ లఖీనా, శోభన అలెక్స్, విదేశీ సహచరులు సురుతానీ, గొంజాలెజ్‌లతో కలిసి ఆ అంకెలను బయటికి తీశారు. కారింగ్టన్ పేరుతో పిలిచే ఆ తుఫాను ఎంత పెద్దదో చెప్పమంటే ప్రపంచం ఇప్పటికీ కొలాబా చిట్టానే తిప్పుతుంది.

బొంబాయి లెక్కకు ఇంత విలువ ఎందుకంటే, అది ఉన్న చోటు అలాంటిది. సూర్యుడు విసిరిన విద్యుదావేశిత కణాల మేఘం భూమి అయస్కాంత కవచానికి తగిలిన క్షణంలో కవచం నొక్కుకుపోతుంది, నేల మీది సూది కొన్ని నిమిషాల్లో గబుక్కున పైకి ఎగురుతుంది. దీన్నే శాస్త్రజ్ఞులు ఆకస్మిక ప్రారంభం అంటారు. తర్వాత భూమధ్యరేఖకు పైన వేల కిలోమీటర్ల ఎత్తులో కణాలు భూమిని చుట్టుకుని పడమటికి పారే ప్రవాహమవుతాయి. ఆ ప్రవాహపు అయస్కాంత బలం భూమి బలానికి ఎదురు నిలుస్తుంది కనుక సూది కిందికి దిగుతుంది. ధ్రువాల దగ్గర ఆకాశంలో వెలుగులు పుట్టించే అరోరా ప్రవాహాల గోలలో ఈ దిగుడు సరిగా వినపడదు. కన్యాకుమారి దగ్గర పగటిపూట ఆకాశంలో పారే ఇంకో ప్రవాహం అడ్డొస్తుంది. ఆ రెండింటికీ దూరంగా, మధ్యలో ఉన్నది బొంబాయి. మన కడప, కర్నూలు కూడా ఆ పట్టీలోకే వస్తాయి.

ఒంటిమిట్ట మీదుగా పోయే తీగ

సూది బెదిరితే పండితుడికి దిగులు, మామూలు మనిషికేం? ఆ రోజుల్లో ఆ మాట నిజమే. తీగలు వచ్చాకే కథ మారింది.

1871లో మద్రాసు రైలు కంపెనీ వాయవ్య మార్గం రాయచూరులో బొంబాయి వైపు నుంచి వచ్చిన పట్టాలను కలుసుకుంది. అరక్కోణం నుంచి రేణిగుంట, కోడూరు, రాజంపేట దాటి, నందలూరు దగ్గర చెయ్యేరు దాటి, ఒంటిమిట్ట మీదుగా కడప, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి, ఆదోని. రెండు శతాబ్దాల ముందు ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే మద్రాసు నుంచి గండికోటకు పోతూ ఒంటిమిట్ట కోదండరాముడి గుడి చూసి మెచ్చుకున్నాడు. ఆయన రోజుల తరబడి పడిన దారిని రైలు గంటల్లోకి కుదించింది. పట్టాల పక్కనే స్తంభాలు, స్తంభాల మీద తంతి తీగ. ఒకే వరస పట్టాలున్న దారి కనుక ముందు స్టేషన్ నుంచి సరేనన్న కబురు రానిదే బండి కదలకూడదు. ఆ కబురు తీగ మీదే రావాలి.

ఆ కాలపు తంతికి తీగ ఒక్కటే. రెండో తీగ ఖర్చు ఎందుకని కరెంటు తిరిగొచ్చే దారిగా భూమినే వాడుకునేవారు. ప్రతి స్టేషన్‌లో ఒక లోహపు రేకును తడి నేలలో పాతిపెట్టి, తీగ కొసను దానికి కలిపేవారు. నేల తడిగా ఉంటేనే ఆ ఏర్పాటు పనిచేస్తుంది. ఎండిపోయే సీమ నేలలో అదే ఒక తలనొప్పి.

అయస్కాంత తుఫాను ఈ ఏర్పాటు మీదే దెబ్బకొడుతుంది. సూది గబగబా ఊగుతోందంటే భూమి అయస్కాంత బలం మారుతోందని. బలం మారినప్పుడల్లా నేలలో విద్యుత్తు పుడుతుంది. అది సులువైన దారి వెతుక్కుంటుంది. వందల మైళ్ల పొడవున రెండు కొసలా భూమిలో దిగిన తీగకన్నా సులువైన దారి ఏముంది? నేల ఎంత గట్టి రాయైతే, కరెంటును ఎంత అడ్డుకుంటే, తీగ మీదికి ఎక్కే వోల్టేజి అంత ఎక్కువ. పాలకొండల గట్టి రాతి నేలలో తీగకు ఆ ప్రమాదం హెచ్చు.

తంతి గుమస్తా బల్ల దగ్గర దాని లక్షణాలు ఇవి. ఎవరూ మీట నొక్కకుండానే గాల్వనోమీటర్ ముల్లు ఒకవైపు ఒరిగిపోతుంది. టకటకలాడాల్సిన యంత్రపు నాలుక అంటుకుపోయి కదలదు, లేదా అర్థంలేని చప్పుడు చేస్తుంది. బ్యాటరీ తీసేసినా తీగలో కరెంటు ఉంటుంది. 1859 తుఫానులో అమెరికాలోని బోస్టన్, పోర్ట్‌లాండ్ గుమస్తాలు బ్యాటరీలు విప్పేసి, తీగలో తేలే కరెంటుతోనే కాసేపు మాట్లాడుకున్నారు.

రాయచూరు సంధి కలిసి ఏడాది కూడా పూర్తిగా తిరగకముందే, 1872 ఫిబ్రవరి 4 ఆదివారం, ఇంకో పెద్ద తుఫాను వచ్చింది. మన దేశపు పొద్దుగూకే వేళకు మొదలైంది. ధ్రువాల దగ్గర మాత్రమే కనిపించాల్సిన అరోరా ఆ రాత్రి బొంబాయి ఆకాశంలో కనిపించిందని, రంగులు మారుస్తూ ఊదారంగుకు తిరిగిందని, తెల్లవారుజామున మూడింటి దగ్గర ముదిరిందని అక్కడి పత్రిక రాసింది. ఈజిప్టు, సూడాన్ ప్రాంతాల్లో కూడా ఆకాశం ఎర్రబడింది. బొంబాయి నుంచి ఏడెన్‌కు సముద్రం అడుగున రెండేళ్ల కిందటే వేసిన కేబుల్‌లో కబుర్లు గంటల తరబడి తడబడ్డాయి. సర్కారు తంతి తీగలు కూడా ఇబ్బందిపడ్డాయి. పత్తి ధరలు, నల్లమందు ధరలు, లండన్ ఉత్తర్వులు ఆ తీగ మీదే నడిచే రోజులవి. ఆకాశంలో వెలుగుకీ బజారులో ధరకీ లంకె పడిందని వ్యాపారులకు తెలిసొచ్చిన రాత్రి అది. కొలాబా రాతలను ఇటీవల మళ్లీ లెక్కగట్టిన శాస్త్రవేత్తలు ఆ తుఫానును కారింగ్టన్ తుఫాను పక్కనే కూర్చోబెట్టారు.

కరువును సూర్యుడి ఖాతాలో రాసినవాళ్లు

సూర్యమచ్చలు సుమారు పదేళ్లకోసారి పెరిగి తగ్గుతాయని జర్మనీలో ష్వాబె అనే మందుల దుకాణదారు ఏళ్ల తరబడి లెక్కపెట్టి చెప్పాడు. 1852లో ఎడ్వర్డ్ సబీన్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఆ లెక్కను అయస్కాంత కేంద్రాల లెక్క పక్కన పెట్టి చూశాడు. మచ్చలు పెరిగితే సూదుల బెదురు పెరుగుతోంది, తగ్గితే తగ్గుతోంది. అది గట్టి మాట. ఈనాటికీ నిలిచే ఉంది.

అయితే ఒక తాళం తెరుచుకున్నాక ఊళ్లో తాళాలన్నిటికీ అదే చెవి పెట్టి చూడాలనిపిస్తుంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం మన గుంటూరు, మచిలీపట్నాల మీదుగా పోయింది. గుంటూరులో ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసే మంటలను చూసి, గ్రహణం లేకపోయినా వాటిని పట్టవచ్చని కనిపెట్టాడు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అదే సంగతి తనంతట తాను పట్టుకున్నాడు. ఆ పేరుతో లాకియర్ మాటకు బరువు వచ్చింది.

ఎనిమిదేళ్లకు వానలు తప్పాయి. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని తిన్న ఆ విపత్తును మన పెద్దలు ధాత కరువన్నారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలకు అన్నిటికన్నా గట్టి దెబ్బ. దక్షిణాదిన యాభై లక్షల మందికి పైగా పోయారు. రైలుండీ ధాన్యం ధర అందుబాటులోకి రాలేదు. సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను, అంటే అరకేజీకి లోపు, ధాన్యం, పైన ఒక అణా కూలి చాలన్నాడు. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి విలియం కార్నిష్ ఆ కూలితో మనిషి బతకడని ఎదిరించాడు. ఆ కాగితాల యుద్ధం సాగుతుండగానే జనం రోడ్ల పక్కన రాలిపోయారు.

అదే 1877లో సర్కారు గణాంకాల అధిపతి విలియం విల్సన్ హంటర్ మద్రాసు వానల లెక్కను సూర్యమచ్చల లెక్క పక్కన పెట్టాడు. మచ్చలు తగ్గిన ఏళ్లలోనే దక్షిణాదిన వాన తగ్గి కరువు వస్తోందన్నాడు. లాకియర్ ఆయనతో కలిసి ఒక ఇంగ్లీషు పత్రికలో ఇదే వాదన వినిపించాడు. పైపైన చూస్తే నమ్మాలనిపించే మాటే. గుంటూరు డొక్కల కరువు వచ్చిన 1833లో కూడా సూర్యుడి మీద మచ్చలు తక్కువ. ధాత కరువు కూడా మచ్చలు కనిష్ఠానికి దిగే కాలంలోనే వచ్చింది.

ఈ వాదనలో అధికారులకు ఒక సౌఖ్యం ఉంది. కరువు సూర్యుడు తెచ్చిందైతే కూలి ఎంత ఇచ్చారు, ధాన్యం ఎటు పోయింది, శిస్తు ఎంత వసూలు చేశారు అన్న ప్రశ్నలు వెనక్కి పోతాయి. లాకియర్, హంటర్ ఆ ఉద్దేశంతోనే రాశారనక్కర్లేదు. కానీ ఆ రాత ఎవరికి పనికొచ్చిందో చూడకుండా వదిలేయలేం.

తర్వాతి కరువులు ఆ పట్టికకు లొంగలేదు. 1904లో భారత వాతావరణ శాఖ పగ్గాలు పట్టిన గిల్బర్ట్ వాకర్ సూర్యమచ్చలకూ వానకూ ఉన్న సంబంధాన్ని గణితంతో జల్లించి, దాని మీద ఆధారపడి వాన చెప్పలేమని తేల్చాడు. ఆయన చూపు పసిఫిక్ సముద్రం మీది గాలి పీడనాల వైపు మళ్లింది. 1877లో ఆ సముద్రం అసాధారణంగా వేడెక్కిందని, మన మేఘాలను ఎల్‌నినో ఎత్తుకుపోయిందని ఇప్పుడు మనకు తెలుసు. సూదిని కదిలించే సూర్యుడు ఒంటిమిట్ట చెరువును ఎండగట్టలేదు.

కెల్విన్ కాదన్నాడు

రెండో పెద్దమనిషి ఇంకా పెద్దవాడు. లార్డ్ కెల్విన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు, ఆ కాలపు భౌతికశాస్త్రానికి కులపెద్ద. అట్లాంటిక్ అడుగున తంతి కేబుల్ వేయించి పేరు, డబ్బు గడించినవాడు. 1892 నవంబర్‌లో అధ్యక్షోపన్యాసమిస్తూ ఒక లెక్క చెప్పాడు. 1885 జూన్‌లో ఎనిమిది గంటలపాటు వచ్చిన ఒక తుఫానును తీసుకున్నాడు. దాన్ని సూర్యుడే పంపాడనుకుంటే, నాలుగు నెలలు వెలుగూ వేడీ ఇవ్వడానికి పట్టేంత శక్తిని ఆ ఎనిమిది గంటల్లో ఖర్చుపెట్టి ఉండాలన్నాడు. అది జరిగే పని కాదు కనుక మచ్చలూ తుఫాన్లూ కలిసిరావడం కాకతాళీయమని కొట్టిపారేశాడు.

లెక్కలో తప్పు లేదు, ఊహలో ఉంది. సూర్యుడి అయస్కాంత ప్రభావం వెలుగులాగే అన్ని దిక్కులకూ సమానంగా పరుచుకుంటుందని ఆయన అనుకున్నాడు. గ్రీనిచ్‌లో మచ్చలు లెక్కపెట్టే ఉద్యోగి ఎడ్వర్డ్ మౌండర్ 1904లో తుఫానుల తేదీలను వరసగా పేర్చాడు. చాలా తుఫాన్లు ఇరవై ఏడు రోజుల తర్వాత మళ్లీ వస్తున్నాయి. మనకు కనిపించే లెక్కన సూర్యుడు ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలమూ అదే. అంటే సూర్యుడి మీద ఒక చోటి నుంచి ఏదో సన్నని పాయగా వస్తోంది, ఆ చోటు మన ఎదుటికి తిరిగినప్పుడల్లా తగులుతోంది. కెల్విన్ చేనంతా కురిసే వాన లెక్క వేశాడు. వచ్చేది మడవ తిప్పి ఒక్క మడిలోకి వదిలిన నీళ్లు. ఆ పాయ కణాలదని, అది భూమి కవచాన్ని నొక్కుతుందని తర్వాత బిర్కిలాండ్, చాప్‌మన్‌ల తరం ఒకరితో ఒకరు పోట్లాడుకుంటూ తేల్చింది.

ఈ తగాదాలో ఒక తమాషా ఉంది. ధాత కరువు తర్వాత సూర్యుడికీ వానకూ లంకె తేల్చడానికి దక్షిణాదిన ఒక సూర్య పరిశోధనశాల కావాలన్న మాట నలుగుతూ వచ్చింది. దాన్ని కొడైకెనాల్‌లో పెట్టాలని 1893 జూలైలో ఒక కమిటీ తీర్మానించింది. సూర్యుడికీ సూదికీ సంబంధమే లేదని అంతకు ఎనిమిది నెలల ముందు ప్రకటించిన కెల్వినే ఆ కమిటీకి అధ్యక్షుడు. వాన కోసం కట్టిన కొడైకెనాల్ వాన చెప్పలేకపోయింది గానీ, సూర్యుడి ఫోటోలను నూరేళ్లకు పైగా పోగేసి ప్రపంచానికి ఇచ్చింది.

ట్రామ్ రాకముందే తట్టాబుట్టా సర్దుకున్నారు

నమ్మినవాడూ శంకించినవాడూ వాదించుకుంటుండగా కొలాబాలో సూది చదవడం మాత్రం ఆగలేదు. 1896లో ఆ కేంద్రానికి తొలి భారతీయ అధిపతిగా నానాభాయ్ అర్దేషీర్ ఫ్రాంజీ మూస్ వచ్చాడు. ఆయనకు ఎదురైన శత్రువు సూర్యుడు కాదు, బొంబాయి నగరం. గుర్రాలు లాగే ట్రామ్‌ల స్థానంలో కరెంటు ట్రామ్‌లు వస్తున్నాయన్న కబురు తెలిసింది. పట్టాల గుండా నేలలోకి జారే ట్రామ్ కరెంటు సూదిని రోజంతా కదిలిస్తూనే ఉంటుంది. సూర్యుడి బెదురేదో, ట్రామ్ బెదురేదో తేల్చలేం.

మూస్ ముందుచూపున్నవాడు. సముద్రానికి అవతల అలీబాగ్‌లో ఇనుము లేకుండా కొత్త కేంద్రం కట్టించాడు. 1904 నుంచి 1906 దాకా కొలాబా, అలీబాగ్ రెండు చోట్లా ఒకేసారి సూది చదివించి, పాత లెక్కా కొత్త లెక్కా తెగకుండా ముడివేశాడు. 1907లో కరెంటు ట్రామ్ గంట కొట్టేసరికి కొలాబా సూదులు తమ పని అప్పగించేసి ఉన్నాయి. ఒక సంస్థ తన పరికరాలను మార్చేటప్పుడు పాతదాన్నీ కొత్తదాన్నీ ఇలా పక్కపక్కన నడపడం ఈనాటికీ అరుదు.

1910లో మూస్ అర్ధశతాబ్దికి పైబడిన బొంబాయి లెక్కలను రెండు సంపుటాలుగా అచ్చువేయించాడు. పెద్ద తుఫానులన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే ఒకే రూపం బయటపడింది: మొదట గబుక్కున ఎగురు, తర్వాత గంటలపాటు లోతైన దిగుడు, ఆ తర్వాత రోజుల తరబడి నెమ్మదిగా కోలుకోవడం. తుఫాను నడకను గణితంలోకి ఎక్కించబోయిన సిడ్నీ చాప్‌మన్ మూస్ లెక్కల మీద కాలు పెట్టే ముందుకు నడిచాడు.

సూర్యుడిని అతిగా నమ్మిన హంటర్ పట్టిక ఇవాళ ఎవరికీ పనికిరాదు. అతిగా శంకించిన కెల్విన్ లెక్కను ఎవరూ వెయ్యరు. పేరు కూడా మిగలని పరిశీలకులు గంటకోసారి రాసిన అంకెలు మాత్రం ఇప్పటికీ పని చేస్తున్నాయి. విద్యుత్ తీగలూ ఉపగ్రహాలూ ఎంతటి తుఫానుకు తట్టుకోవాలో అంచనా వేసే ఇంజనీర్లు ఆ అంకెలనే అడుగుతారు. 1989 మార్చిలో కెనడాలోని క్విబెక్ రాష్ట్రాన్ని తొమ్మిది గంటలపాటు చీకట్లో ముంచిన తుఫాను, తంతి గుమస్తా బల్ల మీద ముల్లును ఒరిగించిన పద్ధతిలోనే, రెండు కొసలా భూమిలో దిగిన పొడవైన తీగలను పట్టుకుంది. నేల అక్కడా గట్టి రాయే.

మరి తీగ లేని కాలంలో? ఫోను దారి చూపించేది ఉపగ్రహం, విమానం దిగేది ఉపగ్రహం చెప్పిన లెక్క మీద. ఇప్పుడు తుఫాను తగిలేది నేలలోని రేకుకే కాదు, ఆకాశంలో వంద నుంచి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న విద్యుత్ పొరకు కూడా. ఆ పొరలో మన దక్షిణాది మీద ఒక విచిత్రం ఉంది. దాని కోసమే 1963లో తుంబా జాలరిపల్లెలో రాకెట్ నిలబెట్టారు, దాన్ని కూడా వినగలిగేలా ఒంటిమిట్టకు సుమారు వంద కిలోమీటర్ల దక్షిణాన గాదంకిలో వెయ్యికి పైగా యాంటెన్నాలు పాతారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయపు రామచంద్రరావు శిష్యగణం నుంచి, 2024 మే తుఫానును దారిలోనే చూసిన మన ఆదిత్య-ఎల్1 దాకా సాగే ఆ కథ వచ్చే భాగంలో.